మంచు అంచున పక్షులు

సముద్రం మధ్య ఓ ఇసుకదిబ్బ. దాని మీద చెట్టు లేదు, చేమ లేదు. కొండ లేదు, గుట్ట లేదు. ఏడాదిలో ముప్పాతిక వంతు కాలం దాన్ని మంచు కప్పేసి వుంటుంది. సముద్రం ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలయిందో ఆ రోజుల్లో పోల్చుకోవడం కూడా కష్టమే. అమెరికా దేశంలో అలాస్కా రాష్ట్రపు ఉత్తర కొసన ఉట్కియాగ్విక్ అనే వూరుంది. పూర్వం దాన్నే బారో అనేవారు. ఆ వూరికి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన వున్న యీ దిబ్బ పేరు కూపర్ ద్వీపం.

1950లలో అమెరికా నౌకాదళం వాళ్లు అక్కడికి వచ్చి, పోతూ పోతూ కొన్ని చెక్కపెట్టెలూ, పలకలూ వదిలేసి వెళ్లారు. పనికిరాని సామాను కదా, ఎవరూ పట్టించుకోలేదు. పాత చెక్కపెట్టెలకు కథేమిటి అంటారా? వుంది. ప్రపంచమంతా యిప్పుడు తలపట్టుకుంటున్న ఒక పెద్ద సమస్యను గురించి మనకు తెలిసిన విషయాల్లో కొన్ని, ఆ పెట్టెలను బోర్లించి చూడటం వల్లనే తెలిశాయి. ఆ కథ చెప్పడమే యీ వ్యాసం ఉద్దేశం.

పెట్టెల కింద కాపురాలు

1972లో జార్జి డివోకీ అనే యువ పక్షి శాస్త్రజ్ఞుడు అలాస్కా ఉత్తర తీరాన పక్షుల సర్వే చేస్తూ యీ దిబ్బ మీద దిగాడు. చూస్తే, పెట్టెల కింద పక్షులు గూళ్లు పెట్టుకుని వున్నాయి! ఆ పక్షి పేరు నల్ల గిల్లెమాట్. యించుమించు పావురమంత వుంటుంది. వేసవిలో ఒళ్లంతా నలుపు, రెక్కల మీద పెద్ద తెల్లమచ్చ. కాళ్లు మాత్రం పారాణి పెట్టినట్టు ఎర్రగా వుంటాయి. నీళ్లలో మునిగి, రెక్కలే తెడ్లుగా చేసుకుని ఈదుతూ చేపల్ని పట్టి తింటుంది. మామూలుగా యీ జాతి పక్షులు రాతిబండల సందుల్లో, నెర్రెల్లో గుడ్లు పెడతాయి. కూపర్ ద్వీపంలో రాయి అన్నది లేదు. అంచేత నౌకాదళం వాళ్లు పారేసిపోయిన పెట్టెలే వాటికి బండలయ్యాయి. అప్పుడు అక్కడ వున్నవి సుమారు పది జతలు.

డివోకీకి యీ పక్షుల మీద మక్కువ కలిగింది. పడివున్న పలకలను అటూ యిటూ జరిపి, బోర్లించి, మరికొన్ని గూళ్లకు చోటు కల్పించాడు. 1975 నుంచి ప్రతి వేసవీ ఆ దిబ్బ మీద గుడారం వేసుకుని కాపురం పెట్టాడు. ఏ జత ఏ పెట్టెలో దిగింది, ఏ తేదీన గుడ్డు పెట్టింది, పిల్ల ఎప్పుడు బయటికొచ్చింది, యివాళ ఎన్ని గ్రాములు తూగింది – ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాడు. పిల్లల కాళ్లకు గుర్తు కడియాలు తొడిగాడు. అందువల్ల ఫలానా పక్షి ఫలానా సంవత్సరంలో ఫలానా పెట్టెలో పుట్టిందని చెప్పగలిగేవాడు. ఒక పల్లెటూరి కరణం గ్రామంలోని కుటుంబాలన్నిటి వివరాలూ చెప్పగలిగినట్టన్నమాట!

1989 నాటికి ఆ దిబ్బ మీద 200 జతలకు పైగా పక్షులయ్యాయి. పది జతలెక్కడ, రెండు వందలెక్కడ? చూసినవాళ్లెవరైనా, 'ఆహా, పక్షులు వర్ధిల్లుతున్నాయి' అనే అనుకుంటారు. డివోకీ కూడా అలాగే అనుకున్నాడు. ఆయన మొదట్లో పెట్టుకున్న ప్రశ్నలన్నీ ఆ పక్షి జీవితాన్ని గురించినవే. శీతోష్ణస్థితి సంగతి అప్పటికింకా ఆయన లెక్కలోకి రాలేదు.

ఎనభై రోజుల లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క చెయ్యాలి. భయపడకండి, కూడికలే!

గిల్లెమాట్ గూడు పెట్టుకునే సందు ముందు మంచు నుంచి బయటపడాలి. ఆ సందులోకి దూరే వీలు దొరికిన తర్వాత ఆడపక్షి గుడ్డు పెట్టడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పొదగడానికి 28 రోజులు. పిల్ల రెక్కలొచ్చి సముద్రం మీదికి ఎగిరిపోవడానికి మరో 35 రోజులు. కాస్త అటూ యిటూ వేసుకుంటే మొత్తం 80 రోజులు. యీ 80 రోజులూ గూటి ముఖద్వారం మంచుతో మూసుకుపోకుండా వుండాలి. ముందుగా మూసుకుపోయిందా, పిల్లలు లోపలే సమాధి.

బారో ప్రాంతంలో వెనకటి రోజుల్లో మంచులేని కాలం 80 రోజుల పాటు వుండటం అరుదు. అంటే అక్కడ యీ పక్షి సంసారం చెయ్యడానికి ఏడాదిలో చాలినంత వేసవే లేదు. తర్వాత తర్వాత వేసవి కొద్ది కొద్దిగా సాగింది. మంచు ముందుగా కరగడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ సమయానికి పెట్టెలు సిద్ధంగా వున్నాయి. పక్షులు వచ్చి చేరాయి.

డివోకీ తన నోటుపుస్తకాలు ముందేసుకుని గుడ్లు పెట్టిన తేదీలను వరసగా చూసుకుంటే విషయం బయటపడింది. 1970లలో కంటే 1990లలో పక్షులు సుమారు పది రోజులు ముందుగా గుడ్లు పెడుతున్నాయి. పక్షికి పంచాంగం తెలీదు. మంచు ఎప్పుడు కరిగితే అప్పుడే దానికి ముహూర్తం. కాబట్టి యీ తేదీల పట్టిక నిజానికి మంచు కరిగిన తేదీల పట్టిక. ఆయన పక్షుల్ని కొలుస్తున్నాననుకుంటూ, ఇరవై ఏళ్లుగా శీతోష్ణస్థితిని కొలుస్తూ వచ్చాడన్నమాట.

గమనించవలసింది ఏమిటంటే, భూమి వేడెక్కడం మొదట యీ పక్షికి మేలే చేసింది. దాన్ని ఆ దిబ్బ మీదికి తెచ్చింది అదే. కథ అక్కడితో ఆగివుంటే బాగుండేది.

ఆర్కిటిక్ ఎందుకింత తొందరగా వేడెక్కుతోంది?

బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించడం వల్ల గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పెరుగుతోందనీ, అది భూమి మీది వేడిని తొందరగా అంతరిక్షంలోకి పోనివ్వకుండా దుప్పటిలా పట్టివుంచుతుందనీ మనకు తెలుసు. యీ దుప్పటి భూగోళమంతటికీ ఒకటే. అయినా వేడి మాత్రం అన్నిచోట్లా ఒకేలా పెరగటం లేదు. 1979 తర్వాత భూగోళపు సగటు కంటే దాదాపు నాలుగు రెట్ల వేగంతో ఆర్కిటిక్ వేడెక్కిందని 2022లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి మన ఇళ్లల్లోని అనుభవమే. మండు వేసవిలో డాబా మీద సున్నం కొడితే కింద గది కాస్త చల్లబడుతుంది. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. సముద్రం మీద పరుచుకున్న మంచు కూడా అలాంటి సున్నపు పూతే. మంచు కప్పిన సముద్రం తన మీద పడ్డ సూర్యకాంతిలో అధికభాగాన్ని తిప్పికొడుతుంది. మంచు కరిగి నల్లని నీరు బయటపడిందా, ఆ నీరు నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడి పక్కనున్న మంచును కరిగిస్తుంది. ఆ మేరకు మరింత నల్లనీరు, మరింత వేడి, మరింత కరుగుదల. అప్పు తీర్చడానికి అప్పు చేసినవాడి సంసారంలా, ఒకసారి మొదలయితే దానంతటదే పెరుగుతూ పోతుంది.

ఆర్కిటిక్ సముద్రపు మంచు ఏటా సెప్టెంబరులో అత్యల్పంగా వుంటుంది. ఉపగ్రహాలతో కొలవడం మొదలయిన 1979 ప్రాంతంలో ఆ నెలలో మిగిలే మంచు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో అది 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అంటే పోయిన మంచు మన భారతదేశం వైశాల్యాన్ని మించిపోయింది.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం రావచ్చు. యీ మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుందా? పెరగదు, చెప్పుకోదగినంత పెరగదు. గ్లాసులో తేలే ఐసుముక్క కరిగినంత మాత్రాన గ్లాసు పొర్లదు కదా, ఆర్కిమెడీస్ సూత్రం. సముద్రమట్టాన్ని పెంచేది గ్రీన్‌లాండ్ వంటి నేలల మీద పేరుకున్న మంచు, వేడికి వ్యాకోచించే సముద్రజలం. మరి తేలే మంచు పోతే వచ్చిన నష్టమేమిటి? ఆ నష్టం ఏమిటో గిల్లెమాట్ పక్షినడగాలి.

తలకిందులుగా పెరిగే పచ్చిక

మనం మంచును నిర్జీవమైన పదార్థంగా అనుకుంటాం. ఆర్కిటిక్‌లో అది పొలం. వసంతకాలంలో సూర్యుడు రాగానే సముద్రపు మంచు అడుగుభాగాన సూక్ష్మమైన నాచు మొలుస్తుంది. చూరుకు వేలాడే పచ్చికలా తలకిందులుగా పెరిగే మేత అది. ఆ నాచును చిన్న చిన్న రొయ్యజాతి ప్రాణులు మేస్తాయి. వాటిని ఆర్కిటిక్ కాడ్ అనే చిన్న చేప తింటుంది. సున్నా డిగ్రీలకు అటూ యిటూగా వుండే నీళ్లే దానికి హాయి. రక్తం గడ్డకట్టకుండా కాపాడే ప్రత్యేకమైన ప్రోటీన్లు దాని ఒంట్లో వున్నాయి. మంచుగడ్డల సందులే దానికి దాగుడుమూతల చోటు. యీ చేపనే సీల్ జంతువులు తింటాయి, తిమింగలాలు తింటాయి, పక్షులు తింటాయి. సీల్‌ను ధ్రువపు ఎలుగుబంటి తింటుంది. యీ గొలుసుకు పైకొక్కెం మంచు. కొక్కెం వూడితే గొలుసంతా కిందపడక మానదు.

కూపర్ ద్వీపంలో గిల్లెమాట్లు తమ పిల్లలకు పెట్టేది ఎక్కువగా యీ కాడ్ చేపే. కొవ్వు బాగా వుంటుంది, మెత్తగా వుంటుంది, పిల్ల నోట్లో ఇట్టే దిగుతుంది. 1970లలో, 80లలో వేసవి పొడుగునా మంచు అంచు ద్వీపానికి దగ్గరలోనే వుండేది. తల్లిదండ్రులు ఎగిరివెళ్లి, ఒక్కొక్క చేపనే ముక్కున కరుచుకుని, త్వరత్వరగా తిరిగివచ్చేవి.

ఆగస్టు నెల ఆకలి

తర్వాతి దశాబ్దాల్లో మంచు అంచు వేసవిలో వెనక్కి జరగడం మొదలుపెట్టింది. కొన్ని సంవత్సరాల్లో తీరం నుంచి వందల కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. గూట్లో పిల్లలు ఎక్కువ తిండి అడిగే నెల ఆగస్టు. సరిగ్గా ఆ నెలలోనే తిండి దూరమయింది.

తల్లిదండ్రులు ఏం చేస్తాయి? తీరం దగ్గర దొరికే స్కల్పిన్ అనే చేపను తెచ్చిపెడతాయి. దానికి తలకాయ పెద్దది, ముళ్లు ఎక్కువ, కండ తక్కువ. పిల్ల దాన్ని మింగలేదు. మింగినా ఒంటబట్టేది తక్కువ. యీ పక్షి సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. ముందు పుట్టిన పిల్ల బలంగా వుంటుంది కాబట్టి దొరికిందంతా అదే లాక్కుంటుంది. రెండో పిల్ల రోజురోజుకూ బరువు తగ్గిపోతుంది. డివోకీ నోటుపుస్తకంలో యిదంతా గ్రాముల్లో వుంది. ఇవాళ యింత, రేపు అంతకంటే తక్కువ, ఎల్లుండి పిల్ల లేదు.

ఇప్పుడు ఎనభై రోజుల లెక్కను మళ్లీ గుర్తు చేసుకోండి. అప్పట్లో వేసవి చాలక పక్షికి కష్టం. ఇప్పుడు వేసవి కావలసినంత వుంది, కాని పళ్లెంలో అన్నం లేదు. మన రైతుకు పునర్వసులో పడవలసిన వాన పుబ్బలో పడితే ఎట్లా వుంటుందో అట్లా. ఏ కార్తెలో జరగవలసింది ఆ కార్తెలో జరగకపోతే, వానెంత కురిసినా ప్రయోజనం వుండదు కదా.

ఆకలి వేసవితో ఆగలేదు. యీ పక్షులు శీతాకాలాన్ని కూడా మంచు నెర్రెల నడుమ, చుక్చీ, బేరింగ్ సముద్రాల్లో గడుపుతాయి. 2018 శీతాకాలంలో బేరింగ్ సముద్రంలో మంచు మునుపెన్నడూ కొలవనంత తక్కువగా ఏర్పడింది. ఆ వేసవిలో ద్వీపానికి తిరిగివచ్చిన పక్షులు బాగా తగ్గాయి. 1989లో 200కు పైగా వున్న జతలు 2016 నాటికి సుమారు 100కు దిగాయి. 2018లో 75, ఆ మరుసటేడు సుమారు 50. తర్వాతి సంవత్సరాల్లో యింకా పడిపోయింది. వేడి తెచ్చిపెట్టిన పక్షుల్ని వేడే తరిమేస్తోంది.

పిలవని చుట్టాలు

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, యింతలో కొత్త చుట్టాలు దిగారు.

మొదటి చుట్టం కొమ్ము పఫిన్. రంగురంగుల లావుపాటి ముక్కుతో, చూడటానికి ముచ్చటైన పక్షి. దీని సొంత తావు యింకా దక్షిణాన. నీరు వెచ్చబడేకొద్దీ అది ఉత్తరానికి జరుగుతూ 1980లలో కూపర్ ద్వీపం చేరింది. దానికీ గూటికి సందు కావాలి. గిల్లెమాట్ వున్న పెట్టెలోకే దూరి, గుడ్లు దొర్లించేసి, పిల్లల్ని చంపి, చోటు ఆక్రమించుకోవడం మొదలుపెట్టింది.

రెండో చుట్టం సామాన్యుడు కాడు – ధ్రువపు ఎలుగుబంటి. అది మంచు మీద సంచరిస్తూ సీల్‌ను వేటాడే జంతువు. 2002కు ముందు ద్వీపం మీద ఎలుగుబంటి కనబడటం అరుదు. మంచు దూరంగా జరిగిపోయేసరికి కొన్ని ఎలుగుబంట్లు నేల మీదే చిక్కుపడిపోయాయి. ఆకలితో తీరం వెంట తిరుగుతూ ద్వీపానికొచ్చి, డివోకీ గుడారాలు చీల్చిపారేశాయి. ఆయన గుడారం మానేసి చిన్న చెక్కగదిలోకి మారవలసివచ్చింది. పెట్టెలు తిరగేసి పక్షిపిల్లల్ని తినడం ఎలుగుబంట్లకు అలవాటయింది. సీల్ కొవ్వుతో బతకవలసిన అంతటి జంతువు గుప్పెడంత పిల్లల కోసం పెట్టెలు తిరగేస్తోందంటే, దాని గతి ఎక్కడికొచ్చిందో ఆలోచించండి.

2011లో పాత చెక్కపెట్టెలకు బదులుగా గట్టి ప్లాస్టిక్ పెట్టెలు పెట్టారు. చిన్న ద్వారం, పక్షి దూరుతుంది, పఫిన్ దూరలేదు, ఎలుగుబంటి తెరవలేదు. పిలవని చుట్టాల బాధ దీంతో చాలా మటుకు తీరింది. కాని చేప సంగతి ఏం చేస్తారు? మంచును ఏ పెట్టెలో పెట్టి కాపాడతారు?

తక్కిన చోట్ల సంగతి

ఒక్క ద్వీపం చూసి మొత్తం ధ్రువమండలాన్ని గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు. కాబట్టి మరికొన్ని చోట్లకు వెళ్దాం.

కెనడాలో హడ్సన్ అఖాతం దగ్గర కోట్స్ ద్వీపం వుంది. అక్కడి కొండ అంచుల మీద లావుముక్కు మర్ అనే పక్షులు వేలాదిగా గుడ్లు పెడతాయి. 1990ల మధ్య నుంచి వాటి పిల్లల భోజనంలో ఆర్కిటిక్ కాడ్ తగ్గిపోయి, వెచ్చటి నీళ్లలో వుండే కేపెలిన్ చేప పెరిగింది. అంతకంటే విచిత్రం దోమల సంగతి. వేడి ముందుగా వచ్చేసరికి దోమలు కూడా ముందుగా విజృంభించాయి. మర్ పక్షి గుడ్డును వదిలి లేవదు. కదలకుండా కూర్చున్న పక్షిని ఒకవైపు ఎండ కాల్చింది, మరోవైపు దోమలు రక్తం పీల్చాయి. కొన్ని పక్షులు గుడ్ల మీదనే ప్రాణాలు విడిచాయి. ఇలా చనిపోయిన పక్షుల్ని శాస్త్రజ్ఞులు కళ్లారా చూసి రికార్డు చేశారు. దోమకాటు బాధ మనకు కొత్తకాదు గాని, ధ్రువపు పక్షికి అది కొత్త చావు.

నార్వేకు ఉత్తరాన వున్న స్వాల్‌బార్డ్ దీవుల్లో లిటిల్ ఆక్ అనే బుల్లిపక్షి వుంది. దీని తిండి బియ్యపుగింజంత జలజీవులు. చల్లటి నీళ్లలో పెరిగే రకానికి కొవ్వు ఎక్కువ. అట్లాంటిక్ వెచ్చటి నీళ్లతో పాటు వచ్చే రకం చిన్నది. కొవ్వు అనేకరెట్లు తక్కువ. చూడటానికి సముద్రం నిండా మేత వున్నట్టే వుంటుంది. కాని అది తవుడు పోసి బియ్యమనడం లాంటిది. అంతే బలం కోసం పక్షి మరెన్నో రెట్లు వేటాడాలి, మరింత దూరం ఎగరాలి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అలాస్కా తీరంలో పడింది. 2014 నుంచి 2016 దాకా ఉత్తర పసిఫిక్ మహాసముద్రాన్ని అసాధారణమైన వేడి ఆవరించింది. మామూలు మర్ పక్షి రోజుకు తన బరువులో సుమారు సగం చేపలు తినాలి. నాలుగైదు రోజులు తిండి దొరక్కపోతే బతకదు. వేడికి చేపలు తగ్గాయి. 2015–16లో ఎండిపోయిన పక్షుల శవాలు 62,000 దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒడ్డుకు చేరినవి కొద్దిభాగమే. అలాస్కాలోని మర్ పక్షుల్లో సగం, అంటే సుమారు 40 లక్షలు, ఆ దెబ్బకు నశించాయని 2024లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. పోయిన సంఖ్య తర్వాతి ఏడెనిమిదేళ్లలో కూడా పూడలేదు.

పక్షులతో పాటు జంతువులకూ యిదే పాట్లు. వాల్రస్‌లు సముద్రగర్భంలో గవ్వపురుగుల కోసం మునిగి, మధ్యమధ్య మంచుపలకల మీద సేదతీరుతాయి. పలకలు లేకపోవడంతో 2014లో అలాస్కాలోని పాయింట్ లే దగ్గర సుమారు 35,000 వాల్రస్‌లు ఒకేచోట ఒడ్డెక్కాయి. అంత గుంపులో ఏదో చప్పుడికి తొక్కిసలాట జరిగితే పిల్లలు నలిగిపోతాయి. కెనడాలోని హడ్సన్ అఖాతపు పడమటి భాగంలో 2016లో 842గా అంచనా వేసిన ధ్రువపు ఎలుగుబంట్లు 2021కి 618 అయ్యాయి. సైబీరియాలోని యమాల్ ప్రాంతంలో 2013 నవంబరులో మంచు మీద వాన కురిసి గడ్డకట్టింది. మేత మీద గాజుపలక పరిచినట్టయింది. కాలిగిట్టతో ఎంత గీరినా అది పగలక, సుమారు 61,000 రెయిన్‌డీర్ జంతువులు ఆకలితో చచ్చిపోయాయి. వాటిని మేపుకుని బతికే నెనెత్స్ ప్రజల్లో కొందరు ఒక్క శీతాకాలంలో దివాలా తీశారు. వెచ్చదనం చావు తెస్తుందా అని అడిగేవారికి యిది ఒక జవాబు.

అందరూ నష్టపోతున్నారా?

లేదు. నిజం నిజంగానే చెప్పుకోవాలి. దక్షిణాది చేపలు ఉత్తరానికి జరిగి కొత్త మేత సంపాదించుకుంటున్నాయి. పఫిన్ సంగతి చూశాం. పెద్దలు 'ఒకరికి చేదు, ఒకరికి తీపి' అంటారు కదా. అయితే దక్షిణాది ప్రాణికి ఉత్తరానికి జరిగే వీలుంది. ఆర్కిటిక్ ప్రాణి ఎక్కడికి జరగాలి? దానికి ఉత్తరాన మరో ఉత్తరం లేదు. తేడా అంతా యిక్కడే వుంది.

మనకేమిటి సంబంధం?

'ఎక్కడి ధ్రువం, ఎక్కడి మనం' అని అనిపించడం సహజం. కాని చలికాలంలో పులికాట్ సరస్సు ఒడ్డునో, కాకినాడ దగ్గర కోరంగి బురదనేలల్లోనో నిలబడి చూడండి. ముక్కుతో బురదను గబగబా పొడుచుకుంటూ పరుగెత్తే ఉల్లంకి జాతి చిన్నపిట్టలు గుంపులుగా కనబడతాయి. వాటిలో లిటిల్ స్టింట్, కర్లూ సాండ్‌పైపర్ అనే రకాలు గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, ఆర్కిటిక్ మైదానాల్లో. అంటే ధ్రువమండలపు బిడ్డలు ఏటా మన ఒడ్డుకు చలికాపుకు వస్తున్నారన్నమాట.

యీ వర్గానికే చెందిన రెడ్ నాట్ అనే పక్షిని గురించి 2016లో ఒక పరిశోధన వెలువడింది. ఆర్కిటిక్‌లో మంచు ముందుగా కరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లలకు, అవి పెరిగే వేళకు పురుగుల అదను దాటిపోయి, తిండి చాలలేదు. పిల్లలు చిన్న ఒళ్లతో, పొట్టి ముక్కులతో పెరిగాయి. అవి ఆఫ్రికాలోని మారిటేనియా తీరానికి వలస వచ్చాక అక్కడ లోతుగా వున్న గుల్లలు ఆ పొట్టిముక్కుకు అందలేదు. అంచేత ఎక్కువ చనిపోయాయి. ధ్రువంలో చేసిన అప్పు ఉష్ణమండలంలో తీర్చవలసివచ్చింది.

మన దేశం కూడా యీ విషయంలో ప్రేక్షకుడిగా మిగిలిపోలేదు. 2008 జూలైలో స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో 'హిమాద్రి' పేరుతో పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. 2014లో అక్కడి సముద్రపు అఖాతంలో నీటి వేడినీ, లవణాన్నీ కొలిచే పరికరాల వరుసను దింపింది. ధ్రువంలో వచ్చే మార్పులకూ మన రుతుపవనాలకూ వున్న లంకె ఏమిటన్నది మన శాస్త్రజ్ఞులు వెతుకుతున్న ప్రశ్నల్లో ఒకటి.

ఇక బాధ్యత సంగతి. 2016లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక లెక్క కట్టారు: గాలిలోకి వదిలిన ఒక్కొక్క టన్ను కార్బన్ డై ఆక్సైడుకు సెప్టెంబరు నాటి ఆర్కిటిక్ మంచు సుమారు 3 చదరపు మీటర్లు కరిగిపోతుంది. మన దేశంలో తలకు ఏడాదికి సుమారు 2 టన్నులు వదులుతున్నాం; అంటే మనిషికి 6 చదరపు మీటర్లు, ఒక మంచం, పక్కన ఓ బల్ల పట్టేంత చోటు. అమెరికా పౌరుడి వాటా మనకు ఏడింతల దాకా వుంటుంది. పాపంలో అందరి వాటా సమానం కాదు, అది చెప్పి తీరాలి. అంతమాత్రాన మన వాటా సున్నా అని చెప్పడానికీ వీల్లేదు.

నోటుపుస్తకం విలువ

మిత్రులారా! యీ కథలో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. డివోకీ 1975లో పెద్ద ప్రయోగశాల పెట్టుకుని కూర్చోలేదు. ఒక గుడారం, ఒక త్రాసు, ఒక నోటుపుస్తకం. చూసింది చూసినట్టు, తేదీ వేసి రాశాడు. పక్షులు పెరిగిన రోజుల్లోనూ రాశాడు, తగ్గిన రోజుల్లోనూ రాశాడు. మూడేళ్లకో ఐదేళ్లకో విసిగి మానేసివుంటే, 'పక్షులు వర్ధిల్లుతున్నాయి' అన్న తప్పుడు తీర్పే లోకానికి మిగిలేది. నలభై ఏళ్లకు పైగా మానకుండా రాయబట్టే, అదే వేడి మొదట వరమై తర్వాత శాపమైన సంగతి బయటపడింది.

మన కాలేజీ ఆవరణలో మామిడి ఏ తేదీన పూతకొస్తుంది? కోకిల మొదట ఏ రోజు కూసింది? పక్కవూరి చెరువులో కొంగలు ఎన్ని దిగాయి? మనలో ఎంతమందిమి రాసిపెట్టాం? ఒక తరగతి విద్యార్థులు మొదలుపెట్టి తర్వాతి తరగతికి అప్పగిస్తూ పోతే, పాతికేళ్ల తర్వాత యిదే సంచికలో ఎవరో ఒకరు ఆ పట్టిక చూపించి మనకు తెలియని సంగతి చెప్పగలుగుతారు. దానికి గ్రాంటులు అక్కర్లేదు, ఓపిక కావాలి.

కూపర్ ద్వీపంలో యిప్పటికీ వసంతం వస్తే కొన్ని నల్లపిట్టలు దిగుతాయి. ఎర్రకాళ్లతో పెట్టెల మీద నిలబడి సముద్రం వైపు చూస్తాయి. వాటికి కావలసింది ఎనభై రోజుల వేసవి, అందే దూరంలో కాస్త మంచు – రెండూ. మొదటిది మనం అవసరానికి మించి యిచ్చాం. రెండోది యింకా ఎంతకాలం వుంటుందన్నది మాత్రం వాటి చేతుల్లో లేదు. కొంత మన చేతుల్లో వుంది.